ఓపెన్ అంటే ఓసీ కాదు తమ్మీ

పోయిన అడ్మిషన్ల సీజన్‌ల మా పక్కూరి పోరగాడు ఒకడు పొద్దుగాల్నే ఇంటికొచ్చిండు. డిగ్రీల మంచి మార్కులు, పీజీ ఎంట్రన్స్‌ల మంచి ర్యాంకు. ఫోన్ల అలాట్‌మెంట్ లెటర్ చూపెట్టి, "అన్నా, నేను ఎస్సీ. ఇండ్ల ఓసీ అని పడ్డది. తప్పు కొట్టిర్రా? రిపోర్టింగ్‌కు పోతే సీటు గుంజుకుంటరా?" అని అడిగిండు. రాత్రంత నిద్ర పోలేదంట. ఈ సీటు ఇడిచిపెట్టి రెండో కౌన్సెలింగ్ దాక ఆగమని ఎవలో సలహా గూడ ఇచ్చిర్రంట.

"తప్పు కాదురా, నీ ర్యాంకుకు వచ్చిన సీటది. ఇయ్యాల్నే పోయి రిపోర్ట్ చెయ్" అని పంపిన. పోయిండు, చేరిండు. మరి నా దగ్గరికి రానోళ్ల సంగతేంది? ఎంతమంది గిట్ల భయపడి సీట్లు పోగొట్టుకున్నరో. అందుకే ఈ కేటగిరీల లెక్క ఒక్కపారి కూసోని చెప్పాలనిపించింది.

మన తెలంగాణల ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ సీట్లకు సీపీగెట్ అనే ఒక్కటే ఎంట్రన్స్. ఉస్మానియా యూనివర్సిటీ నడిపిస్తది. కాకతీయ, శాతవాహన, పాలమూరు, మహాత్మాగాంధీ, తెలంగాణ యూనివర్సిటీల సీట్లు గూడ దాంట్లకెల్లే నిండుతయి. ఒక్కో సీటు మీద నాలుగు ముద్రలుంటయి అనుకోర్రి. ఒకటి లోకల్, రెండు కులం, మూడు ఆడపిల్లలు, దివ్యాంగుల కోటా, నాలుగు ఫీజు. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది లోకల్. రాజ్యాంగంల 371-డి అని ఒక అధికరణ ఉన్నది. దాని కింద 1974ల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. నూటికి 85 సీట్లు లోకలోళ్లకు. మిగిలిన 15 అన్‌రిజర్వుడ్, వాటి మీద లోకల్ పిల్లలు గూడ ర్యాంకుతోటి పోటీ పడొచ్చు. లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, సదివిన ఏండ్లు. డిగ్రీ ఆఖరు ఏడు నుంచి ఎనుకకు లెక్కవెడితే వరుసగ నాలుగేండ్లు ఈడ్నే సదివి ఉండాలె. అట్ల కుదరకుంటే ఏడేండ్లల్ల ఎక్కువ ఏండ్లు ఏడ సదివితే ఆడి లోకల్. కాబట్టి తొమ్మిదో తరగతి కాంచి డిగ్రీ దాక బోనఫైడ్లు ఒక్క సంచిల పెట్టుకోర్రి. ఇంటర్ పక్క రాష్ట్రంల సదివినోళ్లు ఈ లెక్క ముందుగాల్నే చూసుకోవాలె.

రెండోది కులం. నూరు సీట్లల్ల ఎస్సీలకు 15, ఎస్టీలకు 10, బీసీలకు 29. బీసీల మళ్ల ఏ గ్రూపుకు 7, బీకి 10, సీకి 1, డీకి 7, ఈకి 4. ఎస్టీలకు ఇదివరకు 6 శాతమే ఉండె, 2022ల 10 అయింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల వర్గీకరణ గూడ అమలుల ఉన్నది. మొత్తం 59 కులాలను మూడు గ్రూపులు చేసి, మొదటి దానికి 1 శాతం, రెండోదానికి 9, మూడోదానికి 5 ఇచ్చిర్రు. పాత కుల సర్టిఫికెట్ల గ్రూపు ఉండదు. కొత్తది తీసుకోర్రి.

ఈడబ్ల్యూఎస్ కింద 10 శాతం వేరే లెక్క. అది ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ లేని కులాలల్ల ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్నోళ్లకు. "మేం బీసీలమే గని మస్తు పేదోళ్లం, ఈడబ్ల్యూఎస్ పెట్టొచ్చా?" అని చానమంది అడుగుతరు. పెట్టరాదు. పేరుల పేదరికం ఉన్నది గని, రూల్ల మీరు లేరు. ఇది న్యాయమా కాదా అన్నది ఇంకో కొట్లాట. అప్లికేషన్‌ల మాత్రం తప్పు కొట్టకుర్రి.

ఇగ 15, 10, 29 కలిపితే 54. మిగిలిన 46 ఎవలియి? ఈడనే అందరు బోల్తా పడుతరు. చానమంది అవి "ఓసీల సీట్లు" అనుకుంటరు. కాదు. అవి ఎవ్వలి కోటా కాదు. ర్యాంకు ఎవలిదైతే సీటు వాళ్లది, ఏ కులమైనా సరే. 2020 డిసెంబర్‌ల సౌరవ్ యాదవ్ కేసుల సుప్రీంకోర్టు ఇదే తేల్చింది, ఓపెన్ అన్నది అందరికి తెరిచి ఉన్నదే అని. ముందుగాల ర్యాంకుల వరుసల ఓపెన్ సీట్లు నింపాలె, అటెనుక రిజర్వుడ్ సీట్లు. మా పోరగాడు ఓపెన్‌ల చేరిండు గాబట్టి ఎస్సీ కోటాల ఒక సీటు ఇంకో పిల్లకు మిగిలింది. వాడు భయపడి ఇడిచిపెట్టి ఉంటే ఇద్దరి బతుకుల మీద దెబ్బ పడేది. ఇంకో మాట, ఓపెన్‌ల సీటొస్తే మీ కులం మారిపోదు. స్కాలర్‌షిప్ హక్కు అట్లనే ఉంటది.

మూడోది అడ్డం కోటా. ఆడపిల్లలకు మూడో వంతు, దివ్యాంగులకు 5 శాతం. దివ్యాంగుల కోటాకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలె. ఈ కోటాలు వేరే కుప్ప కాదు, ప్రతి కేటగిరీ లోపల్నే ఉంటయి. ఎస్సీల 15 సీట్లుంటే అండ్ల కనీసం 5 ఆడపిల్లలకు రావాలె. ర్యాంకు మీదనే ఏడుగురు వస్తే ఏడుగురికి ఇయ్యాలె. అయిదు అన్నది కింది గీత, మీది గీత కాదు.

నాలుగోది ఫీజు. రెగ్యులర్, సెల్ఫ్ ఫైనాన్స్. సెల్ఫ్ ఫైనాన్స్‌ల ఫీజు చాన ఎక్కువ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఎస్సీ, ఎస్టీలకు ఇంటి ఆదాయం 2 లక్షల లోపు ఉండాలె. బీసీలకు ఊర్లల్ల లక్షన్నర, పట్నంల 2 లక్షలు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు సర్కారు ఎంత ఇస్తది, మన జేబుకెల్లి ఎంత పోతది అన్నది చేరకముందే అడుగుర్రి. స్పాట్ అడ్మిషన్ అని పిలిస్తే ఇంకా జాగ్రత్త, దానికి మామూలుగ రీయింబర్స్‌మెంట్ రాదు. సర్కారు పైసలు ఆలస్యమైతే కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు పట్టుకోని కూసునుడు మనం చూస్తనే ఉన్నం.

హైదరాబాద్‌లనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మనూల లెక్క వేరే. అవి కేంద్రం కింద నడుస్తయి. ఎస్సీ 15, ఎస్టీ ఏడున్నర, ఓబీసీ 27, ఈడబ్ల్యూఎస్ 10. అక్కడ మీసేవల తీసుకున్న రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ నడవది. కేంద్రం ఫార్మాట్‌ల నాన్ క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ కావాలె. రాష్ట్రం లిస్టుల ఉన్న కొన్ని బీసీ కులాలు కేంద్రం లిస్టుల లేవు. మీ కులం ఉన్నదా లేదా ముందు చూసుకోర్రి. కాయితం సరిగ్గ లేక జనరల్ కింద పడిపోయిన పిల్లలు మస్తుమంది.

పీహెచ్‌డీ గురించి గూడ ఒక ముచ్చట. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ రిజల్ట్‌ల మూడు కేటగిరీలు వస్తున్నయి. మొదటిది జేఆర్ఎఫ్, రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతోటి పీహెచ్‌డీ అడ్మిషన్, మూడోది ఉత్త పీహెచ్‌డీ అడ్మిషన్. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37 వేల ఫెలోషిప్. రెండు, మూడు కేటగిరీలోళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ మార్కులు ఏడాదే చెల్లుతయి. ఆ 30 శాతమే నాకు మనసుల పెట్టలేదు. పరీక్షల పేపర్ దిద్దేటోనికి మన ఊరు, యాస ఎరుకుండవు. ఇంటర్వ్యూల నోరు తెరిస్తెనే ఎరుకైతయి.

కేటగిరీలు లేకుంటే అడ్మిషన్ సులువు గదా, మెరిట్ ఒక్కటి చాలదా అని కొందరంటరు. నాగలి పట్టి సదివినోని ర్యాంకు, కోచింగ్‌ల కూసోని సదివినోని ర్యాంకు ఒక్క తీరు కొలవరాదు, అందుకే ఈ ఖానాలు వచ్చినయి. గని వాటిని సదివి తెలుసుకునే భాష మన పిల్లలకు ఇయ్యలేదు. నోటిఫికేషన్ ఇంగ్లీషు, వెబ్‌సైట్ ఇంగ్లీషు, అలాట్‌మెంట్ లెటర్ ఇంగ్లీషు. హక్కు ఇచ్చి తాళంచెవి దాసిపెట్టినట్టే. ప్రతి నోటిఫికేషన్ తెలుగుల గూడ ఇయ్యాలె, అలాట్‌మెంట్ లెటర్ మీద "ఓసీ" తీసేసి "ఓపెన్, అందరికి" అని రాయాలె. గంత చిన్న పనికి బడ్జెట్ గూడ అక్కర్లేదు.

అందాక మీ పని మీరు చెయ్యుర్రి. కులం, ఆదాయం, బోనఫైడ్లు నోటిఫికేషన్ రాకముందే తెచ్చి పెట్టుకోర్రి. రూల్స్ ఏడాదికోపారి మారుతయి, ఆ ఏడు నోటిఫికేషన్ సదవకుండ ఎవ్వలి మాట నమ్మకుర్రి, నాది గూడ. లెటర్ల ఏ కేటగిరీ పడ్డా, పేరు మీది, సీటు మీది అయితే పోయి రిపోర్ట్ చెయ్యుర్రి. అనుమానాలు చేరినంక అడగొచ్చు.