కిక్కు మరీ తేలిగ్గా ఉందా?

తెల్లవారుజామున విశాఖ జాలరిపేట నుంచి చేపలపెట్టె కట్టుకుని బయల్దేరిన బండి ఎండాడ ఎత్తు దగ్గర మొరాయించిందంటే ఆరోజు బేరం పోయినట్టే. ఐసు కరిగిపోతుంది, చేప మెత్తబడిపోతుంది. మెకానిక్కేమో కిక్కు ఒకసారి తొక్కి చూసి, 'బోరు పోయింది గురూ' అనేస్తాడు. ఖర్చు సరే, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఇంట్లోకి రాబడి ఉండదు.

ఇంతకీ పోయింది బోరేనా? ఇంజిను విప్పకుండానే తెలుసుకోవచ్చు.

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టను ఇరుకు చోటులోకి నొక్కుతుంది. వంద సీసీ బళ్లలో దాదాపు తొమ్మిదో వంతుకు! అదే కంప్రెషన్. ఎక్కడ సందున్నా ఆ ఒత్తిడి జారిపోతుంది. కిక్కు మెత్తగా దిగిపోతుంది, ఎత్తులో బండి లాగదు.

కొలవడానికి కంప్రెషన్ గేజి చాలు. ఇంజిను కాస్త వేడెక్కాక ఆపేసి, తాళం తీసేసి, ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో గేజి బిగించాలి. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు పెరగడం ఆగేదాకా కిక్కు కొట్టాలి. యాక్సిలరేటరు తిప్పడం మరిస్తే గాలి అందక, బాగున్న ఇంజిను కూడా తక్కువ చూపిస్తుంది. వచ్చిన అంకెను కంపెనీ మాన్యువల్‌తో పోల్చుకోవాలి.

తక్కువొచ్చిందా? ఒక చెంచాడు ఇంజినాయిలు ఆ రంధ్రంలో పోసి మళ్లీ కొలవాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ముల్లు బాగా పైకెళితే రింగులో, బోరో అరిగినట్టు. వాటి సందును ఆయిలు కాసేపు మూసిందన్నమాట. పెద్దగా కదలకపోతే వాల్వులనో, హెడ్డు గాస్కెట్టునో అనుమానించాలి. ఒక్కోసారి టాపెట్లు సరిచేస్తేనే పనైపోతుంది. పాత టూస్ట్రోకు మోపెడ్లకు వాల్వులే ఉండవు కాబట్టి వాటికి ఈ లెక్క సగమే.

బోరే అరిగితే మాత్రం లేత్ షాపు తప్పదు. సిలిండరును పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో పెంచి ఓవర్‌సైజు పిస్టను వేస్తారు. ఆ తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. పెట్టె నిండా సరుకు వేసుకుని ఎత్తులెక్కిస్తే కొత్త బోరూ నిలవదు. ఎయిర్ ఫిల్టరు పీకేసి తిరగడం మరీ చేటు. తీరం ఇసుక లోపలికెళితే సిలిండరును గరుకు కాగితంతో రుద్దినట్టే.

కొందరు కుర్రాళ్లు హెడ్డు అరగదీయించి కంప్రెషన్ పెంచుతుంటారు. మామూలు పెట్రోలుతో అలాంటి ఇంజిను టకటకా కొట్టుకుంటుంది, చివరికి పిస్టనుకే చిల్లు పడొచ్చు. ఏమీ చేయించకుండానే అంకె ఎక్కువొస్తే లోపల మసి పేరుకుందేమో చూడాలి.