పాత ఐ7, కొత్త ఐ3: నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కొన్ని విశేషాలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు హైవే మీద నలభై కిలోమీటర్లు అనుకుందాం. ఆ దూరం దాటడానికి కాంతికి పట్టేది సెకనులో ఏడున్నర వేల వంతు. ఇంటెల్ 1971లో అమ్మకానికి పెట్టిన తొలి మైక్రోప్రాసెసర్ 4004 అంతసేపట్లో సుమారు వందసార్లు టిక్కుమంటుంది. 1993 నాటి 60 మెగాహెర్ట్జ్ పెంటియం అయితే ఎనిమిది వేల సార్లు. ఇవాళ షాపులో దొరికే 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అయిదు లక్షల ముప్పై వేల సార్లు. ఆ వేగంలో ఒక టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య కాంతి పోగలిగేది ఏడున్నర సెంటీమీటర్లే. ర్యామ్‌ను ప్రాసెసర్‌కు అంత దగ్గరగా బిగించడానికీ, క్యాష్ మెమరీని ఏకంగా దాని కడుపులోనే పెట్టడానికీ ఇదీ ఒక కారణం.

*

అహోబిలంలో నరసింహస్వామి ఒక్కడే, రూపాలు తొమ్మిది. ఇంటెల్ వారి ఐ5 పేరూ ఒక్కటే, తరాలు మాత్రం పద్నాలుగు. జ్వాలా నరసింహుణ్ణి చూసొచ్చి మాలోలుణ్ణి చూశానంటే ఆ కొండ ఎక్కినవాళ్లు ఒప్పుకోరు. కంప్యూటర్ షాపులో మాత్రం ‘ఐ5 ఉంది సార్’ అనగానే ‘ఏ ఐ5?’ అని ఎదురడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది ఆ ప్రశ్నే.

జవాబు ప్రాసెసర్ పేరులోనే ఉంటుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గీత తర్వాత నాలుగంకెలుంటే మొదటి అంకె తరం: ఐ5-2400 రెండో తరం, ఐ5-8400 ఎనిమిదో తరం. అయిదంకెలుంటే మొదటి రెండూ చూడాలి: ఐ3-12100 పన్నెండో తరం. 2009లో వచ్చిన తొలి ఐ5లకు మూడంకెలే (ఐ5-750 గుర్తుందా?). 2024లో డెస్క్‌టాప్‌లకు ‘కోర్ అల్ట్రా’ అంటూ ఇంటెల్ పేరే మార్చేసింది కాబట్టి కొత్త పెట్టెల మీద ఈ కిటుకు చెల్లదు. సెకండ్ హ్యాండ్ బజారుకు మాత్రం ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది.

*

పై కిటుకు ఎందుకంటే ఇందుకు. 2011 జనవరిలో వచ్చిన ఐ7-2600 ఆ రోజుల్లో కుర్రాళ్ల కల. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 3.4 గిగాహెర్ట్జ్, 8 మెగాబైట్ల క్యాష్, 95 వాట్లు. విడుదలనాటి ధర 294 డాలర్లు. 2022 జనవరిలో ఐ3-12100 వచ్చింది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 3.3 గిగాహెర్ట్జ్, 12 మెగాబైట్ల క్యాష్, 60 వాట్లు. ధర 122 డాలర్లు. కాగితం మీద చూస్తే కవలలు. పని పెట్టి చూస్తే ఐ3లో ఒక్కో కోరు చేసే పని ఐ7 కోరు చేసేదానికి సుమారు రెట్టింపు. పదకొండేళ్లలో పై మెట్టు మీద కూర్చున్నది అట్టడుగు మెట్టు కన్నా కిందికి దిగిపోయింది. ‘తక్కువలో ఐ7’ అన్న బోర్డు కనిపిస్తే జేబు తడుముకునే ముందు తరం అంకె చూడాలనేది ఇందుకే.

ఇంకా విడ్డూరం ఎన్100. 2023లో వచ్చిన ఈ బుల్లి ప్రాసెసర్‌కు ఇంటెల్ రాసుకున్న వాట్లు ఆరంటే ఆరు. పని ఎక్కువైతే అంతకు మించి లాగుతుంది, అది వేరే సంగతి. అయినా 95 వాట్ల ఐ5-2400ను మామూలు బెంచ్‌మార్క్ పరీక్షల్లో దాటేస్తుంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఎంతసేపు ఆదుకుంటుందనే లెక్క ఉన్న ఊళ్లలో వేగం కంటే ఈ ఆరు అంకే పెద్ద వార్త అని నా అభిప్రాయం.

*

కంప్యూటర్ ప్రోగ్రాములు రాయగలిగిన ప్రధానమంత్రిని లోక్‌సభకు పంపిన నియోజకవర్గం ఏదో తెలుసా? నంద్యాల. 1991 నవంబరు ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావును 5.8 లక్షల మెజారిటీతో గెలిపించింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం తరఫున పోటీయే పెట్టలేదు. పీవీ అప్పటికే కంప్యూటర్ పట్టి కొన్నేళ్లయింది. 1980ల నడిమధ్య, రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో ఉండగా, అరవై దాటిన వయసులో కొడుకు చేత హైదరాబాదు నుంచి ఢిల్లీకి కంప్యూటర్ తెప్పించుకున్నారు. పాఠం చెప్పడానికి మాస్టారును పెట్టుకున్నారు. ఆయనతో పొసగక, మాన్యువల్ ముందేసుకుని తానే కుస్తీ పట్టారు. కోబాల్, బేసిక్ అయ్యాక యూనిక్స్ దాకా వెళ్లారు. మంత్రిగారి బల్ల మీద కంప్యూటర్ అంటే గుడ్డ కప్పిన అలంకారంగా ఉండే కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

ఆయన నంద్యాల ఎంపీ అయ్యేనాటికి డెస్క్‌టాప్ లోకంలో గొప్పది 486. 1989లో వచ్చిన ఆ చిప్పులో 12 లక్షల ట్రాన్సిస్టర్లు. ఆయన ప్రధానిగా ఉండగానే, 1993 మార్చిలో, 31 లక్షల ట్రాన్సిస్టర్లతో పెంటియం దిగింది. దాని రూపకల్పనకు సారథి పుణెలో పుట్టిన వినోద్ ధామ్. దానికి 586 అని పేరు పెట్టకపోవడానికి కారణం కోర్టులే: ఉత్త అంకెలను ట్రేడ్‌మార్కుగా కాపాడుకోలేమని తేలిపోయింది. 2022లో ఇంటెల్ పోటీదారు ఏఎండీ తెచ్చిన రైజెన్ 7000 వరుసలో ఎనిమిది కోర్లున్న ఒక్క ముక్క, వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, దాదాపు 650 కోట్ల ట్రాన్సిస్టర్లను మోస్తుంది.

*

1977 ఎన్నికల్లో మన ఉమ్మడి రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే పోయాయి. జనతాకు దక్కిన ఆ ఒక్కటీ నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. నాలుగు నెలలు తిరిగేసరికి రాష్ట్రపతి అయ్యారు. అదే ఏడాది అమెరికాలో ఆపిల్ 2 అమ్మకానికొచ్చింది. దాని 6502 ప్రాసెసర్ వేగం 1 మెగాహెర్ట్జ్.

*

41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.33382 రావాలి. 1994లో పెంటియం కంప్యూటర్ 1.33374 అని చెప్పేది! భాగహారానికి చిప్పులో పెట్టిన పట్టికలో అయిదు గళ్లు ఖాళీగా ఉండిపోయాయి. పట్టుకున్నది గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ. మామూలు జనానికి ఇబ్బంది లేదని మొదట ఇంటెల్ తేలిగ్గా తీసుకుంది. చివరికి అడిగిన వాళ్లందరికీ చిప్పు మార్చి ఇస్తామని, అందుకు 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

*

పీవీ ప్రధాని అయిన 1991లోనే పుణెలోని సీ-డాక్ మన తొలి సూపర్ కంప్యూటర్ పరమ్ 8000ను చూపించింది. 64 ప్రాసెసర్లు కలిసి గరిష్ఠంగా సెకనుకు వంద కోట్ల దశాంశపు లెక్కలు చేసేవి. ఇందాకటి 122 డాలర్ల ఐ3కి కాగితం మీద గరిష్ఠం అంతకు రెండు వందల రెట్ల పైనే. పరమ్‌ను శాస్త్రవేత్తలు వాడుకున్నారు. ఐ3 మీద మనం రమ్మీ ఆడుకుంటున్నాం.

*

గిగాహెర్ట్జ్ అంకె ఎక్కువైతే ప్రాసెసర్ గొప్పదనే నమ్మకాన్ని పెంచింది ఇంటెల్, పోగొట్టిందీ ఇంటెలే. 2004లో పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది. 4 గిగాహెర్ట్జ్‌ది వస్తుందని ఊరించి, ఆ ఏడాది అక్టోబరులో రాదని చెప్పేశారు. సంస్థ అధిపతి క్రెయిగ్ బారెట్ ఓ సభలో మోకాళ్ల మీద కూర్చుని మరీ క్షమించమన్నారు. అప్పటి పెంటియం 4లో ప్రతి ఆదేశం 31 అంచెలు దాటాలి. అంచెలు పెరిగితే గడియారాన్ని తొందరగా తిప్పవచ్చు, నిజమే. కానీ రాబోయే ఆదేశం గురించి వేసిన అంచనా తప్పితే లైనులో ఉన్నదంతా పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. వేడి సంగతి సరేసరి, 115 వాట్లు. 2006 జులైలో కోర్ 2 డ్యుయో వచ్చింది: అంచెలు 14, వాట్లు 65. అందులో ఈ6600 అనేది 2.4 గిగాహెర్ట్జ్‌తోనే 3.73 గిగాహెర్ట్జ్ పెంటియం ఎక్స్‌ట్రీమ్ ఎడిషన్‌ను ఓడించింది.

*

ఫ్యాన్ ఎంత పెద్దదైనా ప్రాసెసర్‌ను గది కన్నా చల్లబరచలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్పు 60 దగ్గర ఆడుతోందంటే, అదే పనికి 42 డిగ్రీల గదిలో 77కు చేరుతుంది. పరీక్షలు చేసి అంకెలు అచ్చేసేవాళ్లు సాధారణంగా ఏసీ గదిలో కూర్చుంటారు. నంద్యాలకు మే నెలలో ఆ లెక్క అతకదు. 2024 మే మొదట్లో ఇక్కడ ఎండ 45 దాటింది. అయితే ఐ3-12100 నూరు డిగ్రీలకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆగిపోదు. ఎండాకాలం మధ్యాహ్నాలు కంప్యూటర్ నెమ్మదించిందంటే వైరస్‌ను తిట్టే ముందు మూత తీసి దుమ్ము దులపడం, ఎండి పెళుసైన థర్మల్ పేస్ట్ మార్చడం మేలు.

*

పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే తెలుగు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఇంకా రాజ్యమేలుతున్నాయి. పేజ్‌మేకర్ 7 పుట్టింది 2001లో. డెస్క్‌టాప్‌లకు రెండు కోర్లు రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. కాబట్టి దానికి ఎనిమిది కోర్లు పెట్టినా పని చేసేది ఒక్కటే, మిగతా ఏడూ చూస్తూ కూర్చుంటాయి. అలాంటి షాపుకు కోర్ల సంఖ్యతో పని లేదు, ఒక్క కోరు బలం చూసుకుంటే చాలు. అసలు పాత ఐ5లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ బిగిస్తే వచ్చే తేడా, ప్రాసెసర్ మారిస్తే వచ్చే తేడా కన్నా ముందు కంటికి కనిపిస్తుంది.

*

నంద్యాల జిల్లా గని గ్రామం దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో నలభై లక్షలకు పైగా పలకలున్నాయి. వాటిలోనిదీ సిలికానే, ప్రాసెసర్‌లోనిదీ సిలికానే. తేడా శుద్ధిలో. చిప్పుకు 99.9999999 శాతం, తొమ్మిది తొమ్మిదులన్నమాట, స్వచ్ఛత కావాలి. సోలార్ పలక అంత పట్టుబట్టదు.

*

పాతదే మేలనుకునే చోట్లూ ఉన్నాయి. మన అంతరిక్ష అవసరాలకు చండీగఢ్ పక్కనున్న మొహాలీలో తయారై 2025 సెప్టెంబరులో ప్రధానికి అందజేసిన విక్రమ్ 3201 ప్రాసెసర్‌ను 180 నానోమీటర్ల పద్ధతిలో చేశారు. 2000లో వచ్చిన తొలి పెంటియం 4 కూడా అదే 180. చిన్న ట్రాన్సిస్టర్లను అంతరిక్షంలోని రేడియేషన్ ఇట్టే తికమక పెడుతుంది. అంగారకుడి మీద తిరుగుతున్న పెర్సెవరెన్స్ బండిలో ఉన్నది 200 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. దాని మూలం 1997లో ఆపిల్ కంప్యూటర్లలో వాడిన పవర్‌పీసీ 750.

*

విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11 జాబితాలో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే చోటు. ఏడో తరంలో ఏవో కొన్ని మినహాయింపులు. 2017 జనవరిలో వచ్చిన 4.2 గిగాహెర్ట్జ్ ఐ7-7700కె ఆ జాబితాలో లేదు. పైన చెప్పిన ఆరు వాట్ల ఎన్100 ఉంది.

*

ఆళ్లగడ్డ శిల్పులకు పేరు. అక్కడి విగ్రహాలకు పేరు తెచ్చింది ఉలే. ఇక రాయి మీదో చెక్క మీదో అక్షరాలు, నగిషీలు చెక్కే చిన్న సీఎన్‌సీ రౌటర్ల సంగతి చూస్తే, వాటిని నడిపే మాక్3 సాఫ్ట్‌వేర్‌కు పాత ప్యారలల్ పోర్టు వాడాలంటే 32 బిట్ విండోస్ ఉండాల్సిందే. మోటారును ఒక్కో అడుగు కదిపే సంకేతాన్ని కంప్యూటరే సెకనుకు వేలసార్లు, గురి తప్పకుండా పంపాలి. కొత్త ప్రాసెసర్లు కరెంటు ఆదా కోసం క్షణానికోసారి వేగం మార్చుకుంటాయి. ఆ సంకేతం ఒక్క రవ్వ ఆలస్యమైతే గీత వంకర పోతుంది. పాత పెంటియం 4కు ఈ పొదుపు తెలివి అంతగా లేదు. అలాంటి యంత్రానికి తగిలించిన పాత సీపీయూను తుక్కు కింద వేసే ముందు యంత్రం నడిపే మనిషిని ఒక్కమాట అడగాలి. విండోస్ ఎక్స్‌పీతో ఉన్న ఆ డబ్బానే కావాలని పట్టుబట్టాడంటే ఆయన వెనకబడ్డాడని అనుకోకండి.