గుహలోకి ఒంటరిగా వద్దు

గత వానాకాలం వెళ్లిన తరువాత ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు ముగించుకుని మేము చిట్యాలలో మస్జిదు మెట్లు దిగుతుండగా ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఇంటర్ చదువుతున్న ఆ అబ్బాయి చిన్నప్పుడు మా వద్ద ఖుర్ఆన్ నేర్చుకున్నవాడే. కుడిచేతికి కట్టు ఉంది. ఊరికి కొంత దూరంలోని గుట్ట మీద, బండల నడుమ ఉన్న గుహలోకి ఇద్దరు స్నేహితులతో కలిసి దూరాడట. సెల్‌ఫోన్ వెలుతురు తప్ప వారి వద్ద మరేమీ లేదు. లోపల జారిపడ్డాడు, ఫోను పగిలింది. ఎక్కడికి వెళ్లారో ఇంట్లో ఎవరికీ తెలియదు. స్నేహితులు చీకట్లో తడుముకుంటూ అతణ్ణి బయటికి తెచ్చేసరికి ఇషా వేళ దాటింది.

“మౌల్వీ సాబ్, హైదరాబాదులో గుట్టలకు, గుహలకు తీసుకుపోయే సంఘం ఏదో ఉందట. ఇప్పుడు అందులో చేరతానంటున్నాడు. మీరైనా వద్దని చెప్పండి” అని ఆమె వేడుకున్నది.

మేము వెంటనే బదులివ్వలేకపోయాము. ఏడాది క్రితం ఇదే అబ్బాయి ఇదే మాట మమ్మల్ని అడిగాడు. గుహల్లో గబ్బిలాలు తప్ప ఏముంటాయి, చదువు చూసుకోమని పంపివేశాము. మా మాట అతణ్ణి గుహకు దూరం చేయలేదు. పెద్దలకు చెప్పి వెళ్లే అలవాటుకు మాత్రమే దూరం చేసింది. ఆ పొరపాటును దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన ధర్మ చరిత్రలో గుహలు కొత్త కాదు. తొలి దివ్యవాణి హిరా గుహలోనే అవతరించింది. క్రీ.శ. 622లో హిజ్రత్ సమయాన దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) మూడు రాత్రులు సౌర్ గుహలో గడిపారు. లోపల ఉన్నవారు ఇద్దరే. వెలుపల మాత్రం ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. అబూబక్ర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ పగలు మక్కాలో తిరిగి, రాత్రికి వార్తలు చేరవేసేవారు. కుమార్తె అస్మా (రజి) ఆహారం సిద్ధం చేశారు. దానిని కట్టడానికి తన నడికట్టును చీల్చినందుకే ఆమెకు ‘రెండు నడికట్ల మహిళ’ అన్న బిరుదు వచ్చింది. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) గొర్రెలను తోలుకొచ్చి పాలు అందించేవారు. ఆ మంద నడకతో అడుగుజాడలు చెరిగిపోయేవి. మూడు రాత్రుల తరువాత ఒంటెలతో వచ్చిన దారిచూపరి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కూడా కాదు. దారి ఎరిగినవాడు, మాట తప్పనివాడు కనుక అతణ్ణి ఎన్నుకున్నారు.

అల్లాహ్ సహాయంపై అంతటి నమ్మకం ఉన్నవారు కూడా వార్త, ఆహారం, దారి అన్నింటినీ ముందుగా అమర్చుకున్నారు. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న హదీసుకు ఇంతకన్నా వివరణ ఏం కావాలి? కహఫ్ సూరాలోని గుహవాసులు సైతం కొందరు యువకులు. కలిసి వెళ్లారు, కలిసి దుఆ చేశారు. ఆహారం కోసం ఒకరిని పట్టణానికి పంపినప్పుడు జాగ్రత్తలు చెప్పి పంపారు. రాత్రివేళ ఒంటరి ప్రయాణంలోని ప్రమాదాన్ని గురించి ప్రవక్త (స) హెచ్చరించిన సంగతి బుఖారీ గ్రంథంలో ఉన్నది.

సంఘంలో చేరడానికి మొదటి కారణం ఇదే. గుహలోకి కనీసం నలుగురు కలిసి వెళ్లాలన్నది గుహాన్వేషకులు పాటించే నియమం. ఒకరు గాయపడితే ఒకరు తోడుగా ఉంటారు, ఇద్దరు సహాయం కోసం వెళతారు. తలకు హెల్మెట్, ఒక్కొక్కరి వద్ద మూడేసి దీపాలు ఉండాలి. ఎక్కడికి వెళుతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ బయట ఒకరికి చెప్పి ఉంచాలి. ఆ వేళ దాటితే వారు వెతకడం మొదలుపెడతారు.

2018లో థాయ్‌లాండ్‌లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జూన్ 23న పన్నెండుమంది బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు థామ్ లువాంగ్ గుహలోకి వెళ్లారు. వాననీరు దారి మూసేసింది. జూలై 2న వారిని కనుగొన్నది రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్ అనే ఇద్దరు బ్రిటిష్ గుహ ఈతగాళ్లు. ఒకరు పదవీ విరమణ చేసిన అగ్నిమాపక ఉద్యోగి, మరొకరు కంప్యూటర్ నిపుణుడు. గుహల్లో ఈదడం వారి జీవనోపాధి కాదు, ఏళ్ల తరబడి అభిరుచిగా సాధించిన విద్య. ఆ విద్య పదమూడు ప్రాణాలకు అక్కరకు వచ్చింది. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మానవాళినంతటినీ కాపాడినట్లేనని నమ్మే మనకు ఇది రెండవ కారణం.

మూడవది జ్ఞానం. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని అన్కబూత్ సూరాలో ఆదేశం ఉన్నది. నంద్యాల జిల్లాలోని బెలూం గుహలను గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ రాశాడు. దాదాపు వంద ఏళ్ల తరువాత, 1982, 1983లలో, గెబౌర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపల తిరిగి కొలతలు తీసింది. వాటి పొడవు 3,229 మీటర్లు. మన నేల కింది దారులను మనకన్నా ముందు పరదేశీయులు కొలిచారు. షిల్లాంగ్‌లో మాత్రం స్థానికులే 1990లో మేఘాలయ అడ్వెంచరర్స్ అసోసియేషన్‌ను స్థాపించి, విదేశీ గుహాన్వేషకులతో కలిసి తమ కొండల కింది గుహలను ఏటేటా కొలిచి పటాలు గీస్తూ వచ్చారు. మన పిల్లలూ ఆ పని నేర్వవచ్చు.

బెలూం సున్నపురాతి గుహ. బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు లక్షల ఏళ్లపాటు రాయిని కరిగించి దానిని తొలిచింది. మన నల్లగొండ గుట్టలు చాలావరకు గ్రానైటువి. ఇక్కడి గుహలు ఎక్కువగా ఒకదానిపై ఒకటి ఒరిగిన గుండ్ల నడుమ ఏర్పడిన సందులు. ఏ రాయి కదులుతుందో, ఏ సందులో గాలి ఆడదో చూపేవారు లేనిదే తెలియదు. ఆ మాటకొస్తే, పనులు ఆగిపోయి నీళ్లు నిండిన క్వారీ గుంతలు కూడా మన పిల్లలను పిలుస్తూనే ఉన్నాయి. సాహసం కోరే వయసు ఊరికే కూర్చోదు. దానికి గురువు దొరకకపోతే గుంత దొరుకుతుంది. మనకు దగ్గరలోనే ఉన్న భువనగిరి బండపై శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరం చేరింది. శిక్షణకూ మొండితనానికీ తేడా అదే.

అయితే కొన్ని షరతులు తప్పవు. తల్లిదండ్రుల అనుమతి లేని ప్రయాణం వద్దు. నమాజు వేళలను ముందే లెక్క చూసుకుని బయలుదేరాలి. ఆడపిల్లలను మహ్రమ్ తోడు లేకుండా పంపరాదు. యాగంటి వంటి చోట్ల గుహలు ఇతరుల ఆరాధనా స్థలాలు, అక్కడ మర్యాద పాటించాలి. గోడలపై పేర్లు చెక్కడం, రాతి ఊడలు విరవడం, గబ్బిలాలను బెదరగొట్టడం అమానతులో ద్రోహమే. గొప్ప కోసం, ఫొటోల కోసం ప్రాణాన్ని పణంగా పెట్టడం ధర్మసమ్మతం కాదు. మిమ్మల్ని మీరు వినాశనంలోకి నెట్టుకోవద్దని బఖరా సూరా హెచ్చరిస్తున్నది.

ఆ తల్లికి మేము ఇదే చెప్పాము. “అమ్మా, ముందు చేయి నయం కానివ్వండి. తరువాత మీరూ, వాళ్ల నాన్నా వెళ్లి ఆ సంఘం పెద్దలతో మాట్లాడండి. నియమాలు అడగండి. వారు సరిగా చెప్పలేకపోతే పంపకండి.” ఆ అబ్బాయిని మన్నించమని కూడా అడిగాము. అతడు తల దించుకున్నాడు.

మొన్న మళ్లీ కలిసినప్పుడు ఆమె ముఖంలో భయం పూర్తిగా పోలేదు. తల్లి మనసు కదా! కాని ఇప్పుడు వంటింటి గోడకు ఒక కాగితం అంటించి ఉన్నదట. వెళ్లే చోటు, తోడున్నవారి పేర్లు, ఫోను నంబర్లు, తిరిగి వచ్చే వేళ, అన్నీ కొడుకు చేతిరాతలోనే. “ఆరు గంటలని రాశాడు మౌల్వీ సాబ్, అయిదున్నరకే వచ్చాడు” అన్నది.

మన పిల్లల అడుగులను అల్లాహ్ కాపాడుగాక! వారు అడిగినప్పుడు వినే ఓర్పును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.