ఆట రాజ్యమేలే లోకం: వ్యంగ్య డిస్టోపియా

డిస్టోపియా అంటే బతకడం దుర్భరమైన ఊహాలోకం. ఆదర్శలోకానికి ఇది తలకిందుల బొమ్మ. ఇందులో ఒక్క రకాన్నే ఈ పాఠంలో పరిశీలిద్దాం: ఆటే ప్రభుత్వమైపోయిన సమాజం.

ముందు ఒక ఊహ చేయండి. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ప్రతి ఊరికీ ఒక కబడ్డీ జట్టు ఉంది. కలెక్టరు కుర్చీలో రిఫరీ కూర్చున్నాడు. రేషను, పింఛను, రోడ్డు అన్నీ పాయింట్ల పట్టిక ప్రకారమే. ఓడిన ఊరి పెళ్లికి బాజాలు నిషేధం. ఇంతవరకు మీరు నవ్వుతూనే ఉంటారు. ఇప్పుడు ఇంకొక్క నిబంధన చేర్చండి: డయాలసిస్ వంతు కూడా పట్టికను బట్టే. కవిటి జట్టు సెమీఫైనల్లో ఓడింది కాబట్టి కవిటి రోగి వచ్చే వారం రావాలి.

నవ్వు ఆగిందా? ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పనక్కర లేదు. దాని కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో గాని ప్రారంభం కాలేదు. గమనించండి, నా ఊహలో జబ్బు కొత్తది కాదు, వంతు కోసం ఎదురుచూడటమూ కొత్తది కాదు. నేను మార్చింది ఒక్కటే: ఎవరికి ముందు అనేది అవసరాన్ని బట్టి కాక గెలుపును బట్టి నిర్ణయించాను. వ్యంగ్య డిస్టోపియా పద్ధతి ఇదే. ఉన్న లోకంలో ఒక్క మరను బిగించి, మిగతాదంతా అలాగే ఉంచుతుంది.

ఇది కేవలం ఊహ అనుకోకండి. 12వ శతాబ్దపు పల్నాడును గుర్తు చేసుకోండి. గురజాల, మాచర్ల పక్షాలు కోడిపందెం వేసుకున్నాయి. ఓడిన మాచర్ల వారు ఏడేళ్లు రాజ్యం వదిలిపోయారు. గడువు తీరి వచ్చి తమ భాగం అడిగితే దక్కలేదు. చివరికి కారంపూడిలో యుద్ధం జరిగింది. పుంజు కాళ్ల మీద రాజ్యాన్ని నిలబెట్టారన్న మాట! కాన్‌స్టాంటినోపుల్‌లో రథపందేల అభిమానుల వర్గాలు 532లో తిరగబడితే, వేల మంది చనిపోయారు.

ఆధునిక ఉదాహరణ 1975 నాటి ‘రోలర్‌బాల్’ సినిమా. అందులో దేశాలు లేవు, కంపెనీలే పాలిస్తాయి. ఒంటరి మనిషి ప్రయత్నం వృథా అని జనానికి నేర్పడానికే ఆ హింసాత్మక ఆటను పెట్టారు. తీరా ఒక ఆటగాడు ఆటకంటే పెద్దవాడవుతాడు. పాలకులకు అదే భయం. కథ 2018లో జరిగినట్టు చూపారు. ఆ సంవత్సరం దాటిపోయింది గదా అని సినిమాను కొట్టిపారేసే విద్యార్థులు నా తరగతిలోనూ ఉండేవారు. ఇలాంటి రచన జోస్యం కాదు, రాసిన కాలం మీద ఫిర్యాదు.

మరో పొరపాటు, దీన్ని క్రీడాద్వేషంగా చదవడం. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచినప్పుడు మన జిల్లా అంతా పొంగిపోయింది. ఆ ఆనందం మీద వ్యంగ్యానికి పేచీ లేదు. ఆమె పతకం ఎవరి మంచినీళ్లనూ ఆపలేదు గదా.

అభ్యాసం: మీ ఊరిలో అవసరాన్ని బట్టి అందాల్సిన ఒక సేవను ఎంచుకోండి. దాన్ని ఏదైనా ఆట ఫలితంతో ముడిపెట్టి పది వాక్యాలు రాయండి. ఏ వాక్యం దగ్గర నవ్వు ఆగిందో కింద గీత గీసి, కారణం రాయండి.