రెండు వాక్యముల అభిప్రాయము

సినిమా చూచివచ్చిన బాలుని “ఎట్లున్నదిరా?” యని యడిగినచో “బాగున్నది” యనును, లేదా “బాగులేదు” అనును. ఇవి అభిప్రాయములు కావు, ఆకలి తీరినదా యన్న ప్రశ్నకు ప్రత్యుత్తరములు. అందుచేత మేము శనివారపు కడపటి గంటలో మా తరగతివారికి చీటీలిచ్చి, ఒక చిత్రమును గూర్చిగాని, లోకమెఱిగిన వ్యక్తిని గూర్చిగాని రెండు వాక్యములకు మించకుండ వ్రాయుమనుచున్నాము. చదివినవారికి నవ్వు రావలెను. వ్రాసినది నిజము కావలెను. “బడిలో సినిమా ముచ్చట్లేల?” యని కొందఱు తలిదండ్రులు మమ్ము నడిగిరి గనుక ఈ నాలుగు మాటలు.

ఇది క్రొత్త విద్య కాదు. మన చాటుపద్యములు చేసిన పని యిదియే. కాగితముతో నిమిత్తము లేక నోటినుండి నోటికి నడచినవి గనుక వానికి క్లుప్తత ప్రాణము. పలనాటి నీటి కఱవును, జొన్నకూటిని వెక్కిరించుచు శ్రీనాథుడు చెప్పెనను చాటువులు ఆఱు వందల యేండ్లు కావచ్చినను మాసిపోలేదు. (సన్నబియ్యము మరిగిన కవికి మెట్టపొలపు కష్టమేమి తెలియును? మా అర్ధవీటి తాతలు జొన్నకూడు తినియే మమ్ము చదివించిరి.) పానుగంటివారు “సాక్షి” వ్యాసములలో జంఘాలశాస్త్రిచేత లోకమును నవ్వుచునే దులిపించిరి, కాని శాస్త్రిగారికి రెండు వాక్యములు చాలవు!

చమత్కారమునకు ఆధారము వాస్తవము. 1957లో వచ్చిన “మాయాబజార్” చిత్రమున పాండవులు తెరపై కనబడనే కనబడరు. దీనిని గమనించిన యొక విద్యార్థి యిట్లు వ్రాసెను: “పాండవులు రాకయే వారి పక్షము గెలిచినది. మా క్రికెట్టు జట్టు పదునొకండుగురును వచ్చియు ఓడినది.” ఒక బాలిక ప్రకాశము పంతులుగారిని గూర్చి వ్రాసినది: “నాటకములో చీర కట్టిన చేతులే తుపాకి యెదుట చొక్కా విప్పినవి.” పంతులుగారు యౌవనమున స్త్రీవేషములు ధరించిరి, 1928లో సైమను కమీషను బహిష్కార దినమున మదరాసులో తుపాకులకు ఎదురు నిలిచిరి. ఈ రెండును తెలియనివానికి ఆ వాక్యము వ్రాయుట సాధ్యము కాదు. అందులో ఏ యొక్కటి అబద్ధమైనను అది వట్టి ఎగతాళి యగును.

అయితే నిజము మాత్రమే చాలునా? మేము ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో మెల్లగా మాటలాడు నొక గురువుగారుండిరి. “వారి పాఠము మొదటి వరుసకు ప్రసంగము, రెండవదానికి రహస్యము, కడపటిదానికి మౌనప్రార్థన” అని వ్రాసి గోడకంటించితిమి. అందఱును నవ్విరి. మఱునాటినుండి ఆయన తన బల్ల విడిచి, కడపటి వరుసయొద్ద నిలిచి పాఠము చెప్పసాగిరి. వారి గొంతునకు శస్త్రచికిత్స జరిగినదని నెల తరువాత తెలిసినది. క్షమాపణ చెప్పవలెననుకొనుచుండగనే చదువు ముగిసినది. మేము వ్రాసినదానిలో అసత్యమొక్కటియు లేదు.

కావున మా తరగతిలో రెండవ నిబంధన కలదు: మనిషి చేసిన పనిని గూర్చి వ్రాయుడు, మేనిని గూర్చి కాదు. నటుని నల్లదనమును, నాయకుని బొజ్జను తెచ్చిన చీటీలను మేము చదువక మడచి యిచ్చివేయుదుము.

మొన్న వచ్చిన చీటీలలో ఒకటి మమ్ము గూర్చినది: “రెండు వాక్యములు చాలునని చెప్పుటకు మా అయ్యవారికి నలువది నిమిషములు పట్టును.” గడియారము చూచితిమి. ముప్పదియెనిమిదే పట్టినది.