కంపెనీ బాకీ ఎవరి బాకీ?

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో చెఱకు పండించిన కుటుంబములకు ముత్యంపేట చక్కెర మిల్లు పేరు వినినంతనే మనసు కలుక్కుమనును. 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ సంస్థకు చెందిన యీ మిల్లు, 2002లో ప్రైవేటు భాగస్వామికి నూటికి 51, ప్రభుత్వమునకు 49 పాళ్ల వాటాలుండునట్లేర్పడిన నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ వశమై, 2015 డిసెంబరులో మూతపడెను. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ కంపెనీని లిక్విడేషనునకు, అనగా ఆస్తులమ్మి అప్పులు తీర్చు దశకు, పంపెను. వాటాదారులలో ఒకరు సాక్షాత్తు ప్రభుత్వమే యైయుండగా, కార్మికుని జీతపు బాకీ ఆ వాటాదారుల యొద్ద ఏల వసూలు కాదను సందేహము ఎవరికైనను కలుగును.

చట్టము దృష్టిలో కంపెనీ తన స్థాపకులకంటె వేఱైన వ్యక్తి. ఆస్తియు దానిదే, అప్పును దానిదే. వాటాదారుడు తన వాటాపై చెల్లింపవలసిన సొమ్ము చెల్లించిన పిమ్మట మఱియొక రూపాయికి బాధ్యుడు కాడు. 1897లో ఇంగ్లండునందు సాలమన్ అను పాదరక్షల వ్యాపారి వ్యాజ్యములో స్థిరపడిన యీ సూత్రమే నేటి మన 2013 కంపెనీల చట్టమునకును ఆధారము. కోరుట్ల బజారులో ఇద్దఱన్నదమ్ములు భాగస్వాములై పెట్టిన బట్టల దుకాణము దివాలా తీసినచో, 1932 నాటి భాగస్వామ్య చట్టము ననుసరించి అప్పులవాడు సరుకుతో తృప్తిపడక వారి యిండ్ల మీదికిని, పొలముల మీదికిని రాగలడు. అన్న చెల్లింపలేనిది తమ్ముని యొద్దనే పూర్తిగా రాబట్టుకొనగలడు. కంపెనీ వాటాదారునికి ఆ భయము లేదు. ఆ అభయమే లేకున్న సామాన్యులు తమ పొదుపును పరిశ్రమలలో పెట్టుటకు సాహసింపరు గనుక, దానిని అన్యాయమని నేననను.

అయితే ఆ అభయము నష్టమునకే గాని మోసమునకు గాదు. మోసము రుజువైన డైరెక్టరుకు 2013 చట్టపు 447వ సెక్షను క్రింద పదేండ్ల వఱకు ఖైదు పడవచ్చును. కంపెనీ చెక్కు బౌన్సయినచో నాటి వ్యవహారములు నడపిన డైరెక్టర్లును ముద్దాయిలగుదురు. కార్మికుని జీతములో కోసిన ప్రావిడెంటు ఫండు జమచేయకుండుట నమ్మకద్రోహ నేరము. ఇక బ్యాంకు అప్పునకు స్వయముగా హామీ సంతకము చేసిన యజమాని, తన యింటి గడపను తానే అప్పులవానికి తెఱచినవాడగును.

నాకు బాధ కలిగించునది వేఱొకటి. 2016 నాటి దివాలా చట్టము, లిక్విడేషను మొదలగుటకు ముందరి 24 మాసముల కార్మిక బకాయిలను తాకట్టు గల బ్యాంకు అప్పులతో సమానముగ నిలిపినది. ముత్యంపేటలో మిల్లు ఆగిన నాటికిని ట్రిబ్యునల్ ఆజ్ఞకును నడుమ మూడేండ్లకు మించి గడచిపోయెను గనుక, మిల్లు నడచిన నాటి జీతపు బాకీలు ఆ 24 మాసముల గడువునకు వెలుపలనే పడును. చెఱకు తోలిన రైతుకు 14 దినములలో ధర చెల్లింపవలెనని 1966 నాటి ఉత్తర్వు శాసించుచున్నను, దివాలా వరుసలో తాకట్టు లేని యతని బాకీ బ్యాంకుల వెనుకనే నిలుచును. ఈ వరుసను చట్టసభలు మార్చవలెను.