మూడో గీత మీద ఏం రాశారు?

బాతు కరిస్తే డబ్ల్యూ 61.61. అదే బాతు వచ్చి ఢీకొడితే డబ్ల్యూ 61.62. నవ్వులాటకి చెప్పడం లేదు. అమెరికా ఆసుపత్రుల కాగితాలు చదివి జబ్బులకి కోడ్లు వేయడం నా ఉద్యోగం. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు చేశాను, కరోనా వచ్చినప్పటి నుంచి ఇంటి దగ్గరే పని. ఇల్లంటే ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. తాతయ్య శ్రీకాకుళం జిల్లా కంచిలి వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలోకి వచ్చినవాడు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఇప్పుడు క్వార్టరు అన్నయ్య పేరు మీద ఉంది.

ఎక్కడో ఒహాయోలో ఒకావిడకి కుడి మణికట్టు బెణికితే ఇక్కడ నేను ఎస్ 63.501ఎ వేస్తాను. కుడిదా ఎడమదా, ఇప్పుడే వచ్చిందా మళ్ళీ చూపించుకుందా, అన్నిటికీ ఒక అంకె గానీ అక్షరం గానీ ఉంది. అమెరికావాళ్ళు తమ అవసరం కొద్దీ పెంచుకున్న ఈ పుస్తకంలో కోడ్లు సుమారు 70,000. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అసలు పుస్తకం ఐసీడీ-10. అందులో దీనికి అయిదో వంతే ఉంటాయి.

మా క్వార్టర్ల లైన్లలో మాత్రం ఎవరు పోయినా వినబడేవి రెండే మాటలు. గుండె ఆగిపోయింది, లేదా వయసైపోయింది. గుండె ఆగకుండా పోయినవాళ్ళెవరు? వీటికీ కోడ్లున్నాయి, ఐ 46, ఆర్ 54. వేరే ఏ దారీ లేనప్పుడే వాడాల్సినవి. మరణాల లెక్కలు కట్టేవాళ్ళు ఇలాంటివాటిని చెత్త కోడ్లంటారు. ఏ రోగాన్ని ఆపితే ఆ మనిషి బతికేవాడో అవి చెప్పవు.

చెప్పించడానికి ఒక కాగితం ఉంది. ఆసుపత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో పోతే 4ఎ. అందులో మొదటి భాగంలో మూడు గీతలు. మొదటి గీత మీద నేరుగా ప్రాణం తీసినదేదో రాయాలి. రెండో గీత మీద దానికి దారి తీసినది. మూడో గీత మీద ఇదంతా ఎక్కడ మొదలైందో అది. పక్కనుండి చెరుపు చేసిన జబ్బులకి కింద రెండో భాగం. ఈ పద్ధతి 1948లో, ఐసీడీ ఆరో సవరణతో ప్రపంచమంతటికీ వచ్చింది. మామూలుగా లెక్కలోకి వెళ్ళేది మొదటి భాగంలో అన్నిటికన్నా కింద రాసిన కారణమే.

రైల్వే ఊరివాళ్ళకి ఇట్టే అర్థమయ్యే ఉదాహరణ చెప్తాను. పట్టాలు దాటుతున్న మనిషి బండి తగిలి తల పగిలి పోయాడనుకోండి. లెక్కలో వచ్చేది తల దెబ్బ కాదు, వి 05, అంటే నడిచివెళ్ళే మనిషిని రైలు కొట్టడం. తల దెబ్బలని రాసుకుంటే ఆసుపత్రిలో స్కానింగు మిషను పెడతారు. వి 05 అని రాసుకుంటే పట్టాల మీదుగా వంతెన కడతారు.

ఈ ఏర్పాటు వెనక కథ పాతది. ఇంగ్లండ్‌లో విలియం ఫార్, తర్వాత పారిస్ నగర గణాంకాల అధికారి జాక్ బెర్తిలాన్ దేశాలన్నిటికీ ఒకే జాబితా ఉండాలని పట్టుబట్టారు. బెర్తిలాన్ జాబితాకి 1893లో షికాగోలో ఆమోదం దొరికింది, 1900లో పారిస్‌లో మొదటి సవరణ జరిగింది. ఈయన తమ్ముడు అల్ఫాన్స్ నేరస్థుల ఒళ్ళు కొలిచి గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టినవాడు. చచ్చినవాళ్ళ లెక్క అన్నగారిది, దొంగల లెక్క తమ్ముడిది!

సరిగ్గా ఆ రోజుల్లోనే ఖరగ్‌పూర్‌కి రైలు వచ్చింది. అప్పుడు బెంగాల్ పల్లెల్లో చావుల కబురు ఠాణాకి మోసేది చౌకీదారు. కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, దెబ్బలు అంటూ కొన్ని గళ్ళే ఉండేవి. అతనికి తేలనిదంతా జ్వరం గడిలోకి వెళ్ళేది. అందుకే ఆనాటి లెక్కల్లో జ్వరంతో పోయినవాళ్ళే ఎప్పుడూ ఎక్కువ. మన గుండె ఆగిపోవడం ఆ జ్వరానికి మనవడే.

మా వెనక లైను మావయ్య సంగతి చెప్పాలి. పుట్టింది కవిటి దగ్గర పల్లెలో, కుర్రతనంలోనే బండెక్కి ఇక్కడికొచ్చి రైల్వేలో కుదిరాడు. రిటైరయ్యాక కిడ్నీలు పోయి డయాలిసిస్ మీద బతికాడు. పోయినప్పుడు ఆసుపత్రివాళ్ళు మొదటి గీత మీద గుండె ఆగిందని రాశారు. కింద రెండు గీతలూ ఖాళీ. ఏ ఆసుపత్రి అన్నది వదిలేద్దాం.

రెండో గీత మీద దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని రాసి ఉంటే? అప్పుడు మూడో గీత తగువు వస్తుంది. అక్కడ షుగరు అని రాస్తే కోడు ఇ 11 కిందికి పోతుంది, కిడ్నీ కథంతా షుగరు ఖాతాలో పడుతుంది. బీపీ అని రాస్తే ఐ 12. ఆ రెండూ రాయకపోతేనే ఎన్ 18గా, కిడ్నీ జబ్బుగానే మిగులుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఇవన్నీ ఉద్దానం. అక్కడ షుగరూ బీపీ లేనివాళ్ళకే కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ అని ఏదీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు.

మావయ్య ఫైలు నేను చూశాను. షుగరు ఎప్పుడూ లేదు. బీపీ కనిపించింది కిడ్నీలు చెడ్డాకే, కిడ్నీ చెడితే బీపీ పెరగడం మామూలే. తొందరలో ఉన్న డాక్టరు అలవాటు కొద్దీ బీపీ అని రాసేస్తే ఆ మనిషి ఐ 12లో కలిసిపోయేవాడు. గుండె అని రాశారు కాబట్టి ఐ 46లో కలిశాడు. ఎలాగైనా ఎన్ 18 లెక్కలోంచి ఒకరు తగ్గారు. ప్రపంచమంతా ఒకే కోడ్ల పుస్తకం పెట్టుకున్నామని సంబరపడేవాళ్ళకి నేను చెప్పేదిదే. పుస్తకంలో లోపం తక్కువ. ఫైలు తిరగేసి మూడో గీత నింపే ఆ పది నిమిషాలే మన దగ్గర దొరకడం లేదు.

ఆసుపత్రి గడప తొక్కకుండా పోయేవాళ్ళ సంగతి ఇంకో కథ. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసిచ్చినవి నూటికి 22.5 మాత్రమే. మిగతావాళ్ళ కోసం రిజిస్ట్రార్ జనరల్ సిబ్బంది, ఎంచుకున్న ఊళ్ళలో, ఇళ్ళకి వెళ్ళి అడుగుతారు. జ్వరం ఎన్నాళ్ళుంది, కాళ్ళు వాచాయా, మూత్రం తగ్గిందా అని. ఇంట్లోవాళ్ళు చెప్పిందంతా రాసుకొస్తే ఇద్దరు డాక్టర్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఐసీడీ కోడ్ వేస్తారు. కుదరకపోతే మూడో పెద్ద డాక్టరు తీర్పు. ఇలా అడిగితేనే 2005 ఒక్క ఏడాదిలో దేశంలో సుమారు 46,000 మంది పాముకాటుతో పోయారని 2011లో బయటపడింది. ఆసుపత్రుల లెక్కకి ఇది 30 రెట్ల పైమాటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి అందులో 6,200, ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే.

జనం ఈ కాగితాన్ని పట్టించుకోకపోవడానికి చట్టమూ ఒక కారణం. మునిసిపాలిటీ ఇచ్చే డెత్ సర్టిఫికెట్ మీద మరణ కారణం వేయకూడదని 1969 చట్టంలోనే ఉంది. పెన్షనుకీ బ్యాంకుకీ ఆ సర్టిఫికెట్ చాలు. అయితే 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, కారణం రాసిన కాగితం నకలు దగ్గరి బంధువుకి ఆసుపత్రి ఇచ్చి తీరాలి. మావయ్యది నేనే అడిగించి తెప్పించాను.

“ఏటమ్మా, దీనివల్ల పింఛను పెరుగుతాదేటి?” అంది అత్తయ్య. పెరగదన్నాను. కాకపోతే మావయ్య అన్నదమ్ములిద్దరు ఊళ్ళో అదే జబ్బుతో పోయారని ఆవిడే చెప్పింది. అత్తయ్యవాళ్ళబ్బాయికి నలభై దాటాయి, ఇంతవరకూ కిడ్నీ పరీక్ష చేయించుకోలేదు. సోమవారం క్రియాటినిన్‌కి రక్తం ఇచ్చి రమ్మని పంపించాం.